నవల ఎత్తుగడ: పాఠకుడు మొదటి పేజీ ఎందుకు తిప్పుతాడు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండి. రాజోలు వైపు ఒక ఊళ్ళో జరిగే నవల రాస్తున్నారు. 1996 తుఫాను రాత్రిని ప్రోలాగ్‌గా, అంటే అసలు కథకి ముందు వచ్చే ఘట్టంగా పెట్టి, తర్వాత ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళారు. చదివినవాళ్ళలో ఒకరు "మొదట్లో సాగలేదు, తర్వాత బావుంది" అన్నారు, ఇంకొకరు వర్ణనంతా తీసెయ్యమన్నారు, మూడో ఆయన మొదటి వాక్యంలోనే ఒక శవాన్ని పెట్టమన్నారు. అసలు నవల మొదలు పాఠకుణ్ణి ఎలా పట్టుకుంటుంది, పెద్ద సంఘటన ఉండి తీరాలా, మీ ప్రోలాగ్ ఉంచాలా తియ్యాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఒక మనిషికి ఏదో ఒక పని పడాలి, అది అవుతుందో లేదో తేలకుండా ఉన్న సమయంలో మనం అతన్ని మొదటిసారి చూడాలి. సంఘటన పెద్దదైనా చిన్నదైనా పర్వాలేదు. పని తెలిస్తే మనిషి తెలుస్తాడు, మనిషి తెలిస్తే భయం పుడుతుంది, భయం పుట్టాకే పేజీ తిరుగుతుంది. వర్ణన, యాస, శవం, తుఫాను ఇవన్నీ దాని తర్వాతి సంగతులు.

ఇది ఎక్కడో చదివి చెప్తున్నది కాదండి. అమలాపురంలో మాకు చాలాకాలం అద్దె పుస్తకాల షాపు ఉండేది, ఆ తర్వాత కొత్తవాళ్ళ రాతప్రతులు చదివి సరిచెయ్యడమే నా పనైంది. షాపులో అందరికంటే ముందు గమనించేది మనుషులు పుస్తకం ఎలా ఎంచుకుంటారన్నదే. మా దగ్గర సగం పుస్తకాలకి అట్టలుండేవి కావు, బైండు చేయించేటప్పుడే పోయేవి. వీక్లీల్లోంచి కత్తిరించి కుట్టించిన సీరియళ్ళైతే మరీను, పైన బొమ్మా లేదు, వెనక పొగడ్తా లేదు. కాబట్టి వచ్చినవాళ్ళకి మొదటి పేజీ తప్ప ఆధారం లేదు. సంచీ మోచేతికి తగిలించుకుని, నిలబడే చదివేవారు. కొందరి బొటనవేలు పేజీ కింది మూల దగ్గరికి ముందే వెళ్ళి కూర్చునేది, కళ్ళు ఇంకా సగంలో ఉండగానే. ఆ వేలు చూసి నేను రిజిస్టరు తీసేదాన్ని. కొందరు చదువుతూ చదువుతూ మధ్యలో తలెత్తి రోడ్డు వంక చూసేవారు, అప్పుడు ఆ పుస్తకం తిరిగి బల్ల మీదకి వచ్చేసేది. ఎక్కడ తలెత్తారో ఆ చోటు నేను తర్వాత తీసి చూసేదాన్ని. చాలాసార్లు అక్కడ ఉండేది ఊరి చరిత్రో, వంశవృక్షమో, నాయిక కళ్ళ గురించి పెద్ద పేరానో.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. పేరున్న రచయితల పుస్తకాలకి ఈ పరీక్షే ఉండేది కాదు, పేరు చూసి తీసుకుపోయేవారు. పెద్ద రచయితలు ముప్ఫై పేజీలు మెల్లగా నడిపించినా పాఠకులు ఓపిక పట్టడానికి అదే కారణం, అంతకుముందు చదివిన పుస్తకాలు ఆ నమ్మకం ఇచ్చాయి. మీది మొదటి నవల అంటున్నారు కాబట్టి ఆ అప్పు మీకింకా పుట్టదు. మొదటి పేజీ మీదే పడుతుంది భారమంతా.

ఇప్పుడు మీ తుఫాను దగ్గరికి వద్దాం. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్ళెవరికీ దాన్ని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అదే ఇబ్బంది. గాలి హోరు, విరిగిపడుతున్న కొబ్బరిచెట్లు, ఎగిరిపోతున్న రేకులు, చీకట్లో కేకలు అని మీరు రాసినదంతా నిజమే, కానీ ఆ రాత్రి అందరికీ జరిగింది. అందరికీ జరిగినదాన్ని అందరి తరఫునా రాస్తే అది పేపర్లో వార్తలా చదువుకుంటాం. వేరే జిల్లా పాఠకుడైతే అయ్యో అనుకుని ఊరుకుంటాడు. ఎవరి గురించి భయపడాలో మీరు అతనికి చెప్పలేదు కదా.

మీ రెండో అధ్యాయంలో ఒక వాక్యం ఉంది చూడండి, తండ్రి కూతురి పెళ్ళి కోసం దింపు (చెట్ల నుంచి కొబ్బరికాయలు దింపడం) మీద బయానా తీసుకున్నాడని. దాన్ని మీరు ఎక్కడో పేరా మధ్యలో పడేశారు. నాకైతే మీ నవల అక్కడ మొదలైంది. ఉదాహరణకి నేను ఇలా రాసి చూశాను, ఇలాగే రాయమని కాదు, ఏం మారుతుందో చూపించడానికి:

"అంబాజీపేట షావుకారు ఇచ్చిన బయానాలో సగం అప్పటికే బంగారం కొట్లో కట్టేశాడు సత్యం. కార్తీకంలో దింపు, మాఘంలో పెళ్ళి. మధ్యాహ్నం నుంచీ గాలి ఆగడం లేదు. చెట్ల వంక చూడకూడదని వీధి అరుగు మీదకొచ్చి కూర్చున్నాడు. లోపల్నుంచి భార్య, దొడ్లో ఏదో పడిన చప్పుడైంది, చూసి రమ్మంది. వినపడనట్టే ఊరుకున్నాడు."

ఇందులో తుఫాను అన్న మాటే లేదు. ఒక్క చెట్టు కూడా మన కళ్ళముందు పడలేదు. అయినా ఇక మీదట పడే ప్రతి చెట్టునీ పాఠకుడు డబ్బులో లెక్కేస్తాడు. బయానా తిరిగివ్వాలంటే డబ్బు లేదు, బంగారం కొట్టువాడు వెనక్కివ్వడు, కూలిన చెట్టు స్థానంలో మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, పెళ్ళి మాఘంలో. ఈ లెక్కలన్నీ మీరు చెప్పనే అక్కర్లేదు, చదివేవాడు తనే వేసుకుంటాడు, తను వేసుకున్న లెక్క కాబట్టి వదలడు. ఇంకోటి, అతను లేచి వెళ్ళి చూడలేదు. ఎందుకు చూడలేదు? భయస్తుడా, మొండివాడా, ముందే ఓడిపోయాడా? ఆ చిన్న ప్రశ్నకి జవాబు కోసమే పాఠకుడు తర్వాతి పేజీకి వస్తాడు.

'దింపు' అంటే తెలియనివాళ్ళకి ఎలా అని మీకు అనుమానం రావచ్చు. నవల్లో వివరించకండి. పక్కనే బయానా, షావుకారు, పెళ్ళి ఉన్నాయి, కరీంనగర్‌లో చదివేవాడికైనా ఇది చేతికి రావాల్సిన డబ్బుకి సంబంధించిందని రెండో వాక్యానికి తెలిసిపోతుంది. మొదటి పేజీలో రచయిత ఆగి అర్థం చెప్పాడంటే పాఠకుడు కథలోంచి బయటికొచ్చి క్లాసులో కూర్చున్నట్టే.

శవం గురించి. పెట్టొద్దని నేననను, మీ నవల ఆ శవం గురించే అయితే పెట్టండి. కాకినాడ వైపు నుంచి ఒకతను నాకు పంపిన రాతప్రతి కాలవలో తేలిన శవంతో మొదలైంది. రెండు పేజీలు బ్రహ్మాండంగా ఉంది. ఆ తర్వాత నవలంతా ఇద్దరన్నదమ్ముల పొలం తగాదా, శవం సంగతి చివర్లో ఎక్కడో వస్తుంది, దానికీ తగాదాకీ సంబంధం నామమాత్రం. చదువుతున్నంతసేపూ నాకు మనసులో శవమే ఉంది, అన్నదమ్ముల కథ మీద కుదురు లేదు. మొదటి పేజీ ఒక మాట ఇస్తుందండి, ఈ పుస్తకం దేని గురించో పాఠకుడు దాన్నిబట్టే అనుకుంటాడు. పరిశోధన అనుకుని వచ్చినవాడికి కుటుంబ కథ ఎంత బాగా చెప్పినా మోసపోయాననే అనిపిస్తుంది.

అదే రాతప్రతిలో మూడో అధ్యాయం మొదట్లో అన్నదమ్ములిద్దరూ తాడు పట్టుకుని గట్టు కొలుస్తుంటారు. తమ్ముడు తన వైపు తాడు కాస్త వదులుగా పట్టుకుంటాడు. అన్న అది చూస్తాడు, చూసి ఏమీ అనడు, పలుగు తీసుకుని తమ్ముడు చూపించిన చోటే రాయి పాతుతాడు. నేను ఆ పేజీ పక్కన "ఇక్కడ మొదలుపెట్టండి" అని రాసి పంపాను. అన్న ఎందుకు ఊరుకున్నాడు? మంచితనమా, అపరాధమా, ఇంకేదైనా దాస్తున్నాడా? శవం కంటే ఆ మౌనం నన్ను ఎక్కువ దూరం లాక్కెళ్ళింది, పైగా అది నవల అసలు విషయం.

వింత సంఘటనతో మొదలై నిలబడ్డ రచనలు లేవా అంటే ఉన్నాయి. కాఫ్కా 'రూపాంతరం' 1915లో వచ్చింది, మొదటి వాక్యంలోనే గ్రెగర్ సంసా నిద్రలేచేసరికి పెద్ద పురుగై ఉంటాడు. అందరూ ఆ వాక్యాన్నే చెప్పుకుంటారు. తర్వాతి పేజీల్లో అతను దేని గురించి బెంగపడుతున్నాడో చూడండి. ఐదు గంటల రైలు తప్పిపోయింది, ఆఫీసులో ఏమంటారు, ఉద్యోగం ఏమవుతుంది. పురుగైపోయిన మనిషి డ్యూటీ గురించి టెన్షన్ పడుతున్నాడు. మనల్ని పట్టి ఉంచేది ఆ టెన్షనే, ఎందుకంటే అది మనకి తెలిసిన టెన్షన్. మొదటి వాక్యం ఒక్కటే ఉండి, తర్వాత పురుగు కాళ్ళ వర్ణన పది పేజీలు ఉంటే ఇన్నేళ్ళు ఎవరూ గుర్తుపెట్టుకునేవారు కాదని నా నమ్మకం.

ఇక వర్ణన. మన డెల్టా వాళ్ళకి ఇది పెద్ద ఆకర్షణ, నాకూ ఇష్టమే, కాదనను. నా దగ్గరికొచ్చే రాతప్రతుల్లో చాలావాటికి మొదటి పేరాలో గోదారి, దాని మీద సూర్యోదయం, రెండు వైపులా కొబ్బరిచెట్లు, దూరంగా గుడిగంట ఉంటాయి. అందులో తప్పేమీ లేదు, కానీ ఆ సూర్యోదయాన్ని చూస్తున్నదెవరు? ఎవరూ లేరు. చూసేవాడు లేని వర్ణన దగ్గరే మా షాపులో జనం తలెత్తి రోడ్డు వంక చూసేది.

అలాంటప్పుడు 'రాజశేఖర చరిత్రము' మాటేమిటని అడుగుతారేమో. కందుకూరి వీరేశలింగం గారు 1878లో రాసిన ఆ నవల ధవళేశ్వరం దగ్గరి ధవళగిరి, గుడి, గోదావరి స్నానఘట్టం వీటన్నిటి వర్ణనతోనే మొదలవుతుంది. అప్పటికి తెలుగులో నవల అన్నదే కొత్త. ప్రబంధాలకి అలవాటుపడ్డ పాఠకుడికి పురవర్ణన తెలిసిన గుమ్మం, ఆ గుమ్మంలోంచే అతన్ని కొత్త ఇంట్లోకి తీసుకెళ్ళారు. అదీ కాక ఆ వర్ణన ఊరికే పోలేదు, రాజశేఖరుడు గారి దగ్గరికి, ఆయన చుట్టూ చేరి పొగిడేవాళ్ళ దగ్గరికి మనల్ని చేరుస్తుంది. ఇంతమంది ముఖస్తుతి చేస్తున్నారంటే ఈయన కొంప మునుగుతుందని మనకి అప్పుడే అనిపిస్తుంది, నిజంగానే ఆస్తంతా పోతుంది. వర్ణన చివర ఒక మనిషి, ఆ మనిషికి పొంచి ఉన్న ప్రమాదం ఉన్నాయి కాబట్టే అది నిలబడింది. ఈ రోజు ధవళేశ్వరం ఎలా ఉంటుందో ఫోన్లో చూసేస్తున్నారు, అందుకని మనం ఆ మనిషి దగ్గరికి ఇంకొంచెం తొందరగా వెళ్ళాలి, అంతే తేడా.

కాబట్టి గోదారిని తీసెయ్యకండి, ఎవరో ఒకరి పనిలో పెట్టండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మనకి ఇవి కంఠతా వచ్చిన అంకెలు. నవల్లో ఊరికే అంకె వేస్తే ఏమీ కాదు. గోదారి మధ్య లంకలో అరటితోట వేసిన రైతు రేడియోలో రెండో హెచ్చరిక విన్నాడనుకోండి, గెలలు ఇంకా పక్వానికి రాలేదు, గేదెల్ని గట్టు మీదకి తోలాలి, పడవ ఒక్కటే ఉంది, అది అన్నగారిది, అన్నగారితో మాటల్లేవు. ఇప్పుడు వరద వర్ణన ఎంత రాసినా చదువుతారు, ఎందుకంటే ప్రతి అంగుళం నీరూ అతన్ని అన్నగారి గుమ్మం వైపు నెడుతోంది.

డెల్టా అంటే కొబ్బరిచెట్లు, పడవలే కాదని కూడా గుర్తుపెట్టుకోండి. భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి రెండింటికి కరెంటు పోయిందని మొదలుపెడితే ఎంత కథ ఉంది అందులో! ఏరియేటర్లు ఆగిపోయాయి, తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ దగ్గరకొస్తోంది, జనరేటర్‌లో డీజిల్ లేదు, డీజిల్ కొనమని ఇచ్చిన డబ్బు కుర్రాడు వేరేదానికి వాడేశాడు. ఆ కుర్రాడు ఫోన్ ఎత్తాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. అలాగే దాళ్వాకి (రెండో పంటకి) నీళ్ళిస్తారా లేదా అని ఎదురుచూస్తూ నారు పొయ్యాలో వద్దో తేల్చుకోలేని కౌలు రైతు. ఇవన్నీ మన చుట్టూ రోజూ జరిగే టెన్షన్లే, వాటిని చేరేసరికి మనవాళ్ళ నవలల్లో యాభయ్యో పేజీ వచ్చేస్తోంది.

యాస సంగతి కూడా అడిగారు కదా, మొదటి వాక్యమే "ఆయ్" అని మొదలుపెట్టొచ్చా అని. పెట్టొచ్చు, ఆ మాట అనేవాడికి ఏదో కావాలి అన్నట్టుంటే. గోదారి జిల్లా అని గుర్తుచెయ్యడానికి మాత్రమే అయితే సినిమాల్లో చూసి చూసి జనానికి విసుగొచ్చింది. గొంతుతో పాఠకుణ్ణి లాగడం సాధ్యమేనండి, దానికి మొక్కపాటి వారి 'బారిష్టర్ పార్వతీశం' ఉంది. మొగల్తూరు కుర్రాడు ఇంగ్లాండు వెళ్ళి బారిష్టరు అవ్వాలనుకుని తన కథ తనే చెప్పుకుపోతాడు. లోకం తెలియని అమాయకత్వం, దాని మీద కొండంత ధీమా, ఈ రెండూ ఒకే గొంతులో వినిపిస్తుంటే ఇతను ఎక్కడ దెబ్బతింటాడోనని వెంట నడుస్తాం. అక్కడ కూడా పని చేసేది అదే సూత్రం: ఒక మనిషి, అతనికి పడ్డ పని, అవుతుందో లేదో తెలియకపోవడం. గొంతు దాన్ని మోసుకొచ్చింది.

పేర్ల విషయంలో జాగ్రత్త. మీ మొదటి అధ్యాయంలో పెదనాన్న, ఆయన రెండో కోడలు, ఆవిడ తమ్ముడు, పాలేరు, పక్కింటి మాస్టారు అందరూ ఒకే పేజీలో వచ్చేశారు. పెళ్ళింట్లో కొత్తగా వచ్చినవాడికి అందర్నీ ఒకేసారి పరిచయం చేసినట్టు ఉంటుంది, ఎవరూ గుర్తుండరు. మొదటి పేజీకి ఇద్దరు చాలు. మూడో మనిషి పేరు లేకుండా లోపల్నుంచి కేకేసినా సరిపోతుంది.

సీరియళ్ళ పద్ధతి అనుకరించకండి అని కూడా చెప్తాను, ఎందుకంటే చాలామంది పాత వీక్లీల్లో వచ్చిన నవలలు చదివే రాయడం నేర్చుకున్నాం. సీరియల్ మొదటి భాగం పాఠకుణ్ణి వచ్చే వారం మళ్ళీ రప్పించాలి, అందుకని చివర్లో ఒక కుదుపు పెట్టేవారు, మధ్యలో కాస్త నింపుడు ఉన్నా చెల్లిపోయేది. పుస్తకానికి వారం గడువు లేదు, పాఠకుడు ఆ క్షణమే నిర్ణయించుకుంటాడు. ఇప్పుడు ప్రతిలిపి యాప్‌లోనో కిండిల్‌లోనో చదివేవాళ్ళైతే ఫోన్ తెరలో పట్టే నాలుగైదు వాక్యాలే చూస్తారు. అందుకని ప్రతి వాక్యానికీ కుదుపు పెట్టమని కాదు. ఆ నాలుగైదు వాక్యాల్లో ఒక మనిషి కనపడాలి, అంతవరకే.

సరైన మొదలు మొదటే దొరకదు. నవల పూర్తయ్యేదాకా మొదటి అధ్యాయాన్ని చెక్కుతూ కూర్చోకండి. చాలామంది అక్కడే ఏళ్ళు గడిపేసి, నవల వదిలేస్తున్నారు, నాకు చాలా బాధేసే విషయం ఇది. ఏదో ఒక మొదలుతో రాసుకుంటూ వెళ్ళిపోండి. మొదటి అధ్యాయం చాలాసార్లు రచయిత తన ఊరిని, మనుషుల్ని తను తెలుసుకోవడానికి రాసుకున్నది అయి ఉంటుంది, దానివల్ల మీకు మేలు జరిగింది, పాఠకుడికి అది కనపడక్కర్లేదు. ముగింపు రాశాక వెనక్కి వచ్చి, మీ కథానాయకుడు వెనక్కి తీసుకోలేని పని మొదటిసారి ఎప్పుడు చేశాడో వెతకండి. బయానా చేతిలోకి తీసుకోవడం అలాంటిదే. దానికి కాస్త ముందో, కాస్త తర్వాతో నిలబడి మొదలుపెట్టండి.

ఇక మీ ప్రోలాగ్. తీసెయ్యమనే నా సలహా, కానీ పారెయ్యొద్దు. తుఫాను రాత్రి ముందే చూపించేసి ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్తే, వెనక్కి వెళ్ళిన ప్రతి పేజీలోనూ పాఠకుడు మళ్ళీ తుఫాను ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాడు, మీరేమో నాయకుడి బాల్యం చెప్తుంటారు. బాల్యం చాలా బాగా రాశారు, ముఖ్యంగా కాలవలు కట్టేసిన రోజుల్లో పిల్లలు బురదలో చేపలు పట్టే ఘట్టం. కానీ అది తండ్రికీ కొడుక్కీ మధ్య గొడవ మొదలయ్యాక, జ్ఞాపకంగా, ముక్కలుగా వస్తే ఇంకా బరువుగా ఉంటుంది. తుఫాను రాత్రిని (పైన నేను రాసి చూపించిన ఆ గాలి మధ్యాహ్నంతో సహా) నవల మధ్యలో, దాని వరసలో రానివ్వండి. అప్పటికి ఆ దొడ్లో ఏ చెట్టు ఎవరు నాటారో, ఏ చెట్టు కింద ఎవరు ఏడ్చారో పాఠకుడికి తెలిసి ఉంటుంది, అప్పుడు మీరు ప్రోలాగ్‌లో రాసిన పేరాలే దాదాపు ఒక్క మాట మార్చకుండా పెట్టుకోవచ్చు. పెట్టాక కొత్త మొదటి రెండు పేజీలు ఇక్కడే వెయ్యండి, చదివి చెప్తాను.